భోజనాల వేళ ఆగిపోయే నాలుగోది

నేను డిగ్రీ పూర్తిచేసి చేరిన మొదటి ఉద్యోగం గుంటూరు శివార్లలో, నరసరావుపేట రోడ్డు మీదున్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో. 2006 ఏప్రిల్ నెల. ఆఫీసు గదిలో నాకొక బల్ల, దాని మీద కంప్యూటరు, పక్కన టకటకలాడే ప్రింటరు, నెత్తిమీద ఫ్యాను. అదే ఆవరణలో వెనకవైపు రేకుల షెడ్డు కింద మా అమ్మ ఎలీసమ్మ, మిగతా ఆడవాళ్లతో కలిసి కాయలకు ముచ్చికలు తీసే పని చేసేది. మూతికి గుడ్డ కట్టుకుని, తుమ్ములు దిగమింగుకుంటూ కూర్చునేది. మా ఇంట్లో నెలజీతం తీసుకున్న మొదటి మనిషిని నేనే. "మా మహిమ కాయ ముట్టుకోకుండా కాయల పని చేస్తది" అని అమ్మ షెడ్డులో అందరికీ చెప్పుకునేది. నేను వింటున్నానని తెలిస్తే ఇంకాస్త గట్టిగా చెప్పేది.

నేను ఉద్యోగంలోకి రావడానికి కారణం ఆ సంవత్సరమే పెట్టించిన కొత్త ప్రోగ్రాము. దాన్ని రాసింది బ్రాడీపేటలో చిన్న ఆఫీసు నడిపే చైతన్యకృష్ణ. అంతకు ముందు చీటీలూ రసీదులూ అన్నీ గుమాస్తా గౌస్ బాషా గారు కార్బను కాగితం పెట్టి చేత్తో రాసేవారు.

ఆ ప్రోగ్రాము నాకు భలే వింతగా ఉండేది. రైతు పేరు, టిక్కీలు ఎన్ని, ఏ చాంబరు అని కొట్టి ఎంటర్ నొక్కితే నా పని అయిపోయినట్టే. టిక్కీ అంటే మా వైపు మిరప బస్తా. ఆ తర్వాత జరగాల్సినవన్నీ వెనకాల ఉండే వర్కర్లు చూసుకుంటాయి. వర్కరంటే మనిషి కాదు, కంటికి కనపడకుండా నడిచే చిన్న ప్రోగ్రాము. నేను కొట్టిన ప్రతి పనీ వెళ్లి ఒక వరసలో నిలబడుతుంది. వర్కరు వచ్చి వరసలో ముందున్న పని తీసుకుంటుంది, పూర్తిచేస్తుంది, మళ్లీ వరస దగ్గరికొచ్చి నిలబడుతుంది. మొత్తం నాలుగు వర్కర్లు. మొదటి మూడూ లోపలికొచ్చే సరుకు చూస్తాయి. ఒకటి తూకం చీటీ తీస్తుంది, ఒకటి రైతుకు రసీదు తీస్తుంది, ఇంకోటి ఏ చాంబర్లో ఏ వరసలో పెట్టారో రాసుకుంటుంది. నాలుగోది బయటికెళ్లే సరుకుది. అమ్ముడైన టిక్కీలు లారీకెక్కి గేటు దాటాలంటే గేటు పాసు కావాలి. ఆ పాసు ప్రింటుకు పంపేది నాలుగోదే.

తెర మీద ఒక మూల ఈ నాలుగింటి పేర్లూ ఒకదాని కింద ఒకటి ఉండేవి. నడుస్తుంటే ఆకుపచ్చ చుక్క, ఆగితే ఎర్ర చుక్క. పక్కన అది ఏం చేస్తోందో ఒక ముక్క, ఆ పక్కన స్టార్ట్, స్టాప్ అని రెండు బటన్లు. నాకు తీరిక దొరికితే ఆ మూలనే చూస్తూ కూర్చునేదాన్ని. పొద్దున పూట పల్లెల నుంచి ట్రాక్టర్లు వరసగా దిగేవి, మొదటి మూడూ ఊపిరాడకుండా పనిచేసేవి. నాలుగోది మాత్రం 'ఐడిల్' అని చూపిస్తూ కదలకుండా ఉండేది. దాని పని మధ్యాహ్నమే. పొద్దున మిర్చి యార్డులో బేరాలు ముగిశాకే కొన్నవాళ్లు లారీలు కట్టుకుని మా దగ్గరికొచ్చేవాళ్లు.

ప్రోగ్రాము పెట్టిన రోజు యజమాని బాపయ్య గారు కుర్చీ లాక్కుని చైతన్యకృష్ణ పక్కన కూర్చున్నారు. ఆయనకు అరవై దాటాయి. కొత్త యంత్రం ఏదొచ్చినా నట్టూ బోల్టూ తడిమి చూసేదాకా ఊరుకోరు.

"ఏం అబ్బాయ్, మూడు పనిచేస్తన్నయ్, ఈ నాలుగోదేంటి ఊరికే కూర్చుంది?"

"దానికిప్పుడు పని లేదండి. ఐడిల్ అంటే ఖాళీగా ఉందని."

"దీన్ని ఆపాలంటే?"

"ఇక్కడ నొక్కడమేనండి."

బాపయ్య గారు మౌసు పట్టుకుని, వేలు ఎత్తెత్తి ఒక్కసారి నొక్కారు. చుక్క ఎర్రబడింది. ఇంకోసారి స్టార్ట్ నొక్కితే ఆకుపచ్చయింది. "భలే ఉందే, ట్యూబులైటు కంటే తేలిగ్గా ఆగింది" అని నవ్వి, లేచి వెళ్లిపోయారు.

కొన్నాళ్లు అంతా సాఫీగానే గడిచింది. ఆ తర్వాత మొదలైంది తంటా.

ఒక మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి కూర్చున్నాను. యార్డు నుంచి లారీలు దిగడం మొదలైంది. సరుకు ఎక్కాక నేను పాసు కోసం వివరాలు కొట్టాను. ప్రింటరు కదల్లేదు. రెండో లారీది కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. బయట హారన్లు మొదలయ్యాయి. కోటేష్ అనే డ్రైవరు రోజూ వచ్చేవాడు, కిటికీ ఊచల్లోంచి తల పెట్టాడు.

"మేడంగారూ! మీ కంప్యూటరు నిద్రపోతే చెప్పండి, ముంతెడు నీళ్లు తెచ్చి మొహాన కొడతా!"

"ఒక్క నిమిషం ఆగు కోటేష్."

"నేను ఆగే ఉన్నానండీ. ఎండలో. బండి మీద కాయకంటే ముందు నేనే వరుగయిపోయేట్టున్నా."

అప్పుడు చూశాను. నాలుగో దాని పక్కన ఎర్ర చుక్క. స్టార్ట్ నొక్కాను. ఆకుపచ్చయిన మరుక్షణం ప్రింటరు పూనకం వచ్చినట్టు ఊగిపోయి, అప్పటిదాకా వరసలో నిలబడ్డ పాసులన్నీ ఒకదాని వెనక ఒకటి కక్కింది.

ఏదో ఒక్కసారి అలా అయిందిలే అనుకున్నాను. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. పొద్దున నేనొచ్చేసరికి ఆకుపచ్చగా ఉండేది, భోజనానికి లేచేటప్పుడూ ఆకుపచ్చగానే ఉండేది. భోజనం చేసొచ్చేసరికి ఎర్రగా. రాగానే దాన్ని చూడటం అలవాటు చేసుకున్నాను. కానీ అమ్మతో భోజనం ఒక్కోరోజు ఆలస్యమయ్యేది. అమ్మ చేతులు కారపు మంట మీద ఉండేవి కాబట్టి అన్నం కలపడం నా వంతు. ఇద్దరికీ కలిపి, అమ్మకు ముద్దలు చేసిచ్చి, నేను తిని రావాలి. నేను కాస్త ఆలస్యంగా వచ్చిన రోజున గేటు దగ్గర లారీల వరస రోడ్డు దాకా పోయేది.

నాకు భయం కంటే ముందు కుతూహలమే కలిగింది. మిగతా మూడూ ఎందుకు ఆగవు? నాలుగోదే ఎందుకాగాలి? అదీ ఆ వేళకే ఎందుకాగాలి?

బుధవారం సాయంత్రం బాపయ్య గారు నన్ను పిలిచారు. సరుకు కొనే షావుకారు ఒకాయన ఫోన్లో గట్టిగానే మాట్లాడాడట.

"పక్క స్టోరేజీలో చేత్తో రాసి చిటికెలో పంపుతున్నారంట. మన దగ్గర లక్ష పెట్టి కొన్న డబ్బా పెట్టుకుని లారీలు ఎండబెడతన్నాం. ఎందుకాగుతుంది అది?"

"తెలియదండి. కనుక్కుంటాను."

"శుక్రవారం దాకా చూస్తా. శనాదివారాలు ఎట్టాగూ యార్డుకి సెలవు. అప్పటికీ తేలకపోతే సోమవారం నుంచి బాషా చేత్తో రాస్తాడు. కంప్యూటర్ని మూటగట్టి ఆ అబ్బాయికి పంపేస్తా." నవ్వులాటకే అన్నట్టు అన్నారు. "అప్పుడు నిన్నేం చేసుకోను? నీకూ ఓ గుడ్డ ఇచ్చి ముచ్చికలు తీయించమంటావా?"

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికెళ్లే దారిపొడవునా ఆ మాట నా వెంటే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే బాషా గారు అటక మీంచి కార్బను పుస్తకాల కట్ట దించి, తువ్వాలుతో దుమ్ము దులుపుతున్నారు. ముప్పై ఏళ్లు ఆ పుస్తకాల మీదే పనిచేసిన మనిషి. ఆ దులపడంలో ఒక మురిపెం కనపడింది.

"ఏంటి బాషా గారూ, అప్పుడే?"

"నాదేముందమ్మా, అయ్యగారు సిద్ధంగా ఉంచమన్నారు, ఉంచుతున్నా. ఇది మాత్రం మధ్యాహ్నం నిద్రపోదు."

"మీరు నిద్రపోతారుగా?"

"నేను పోతా. పుస్తకం పోదు" అని కళ్లజోడు పైకి తోసుకుని నవ్వారు.

నేను చైతన్యకృష్ణకు ఫోను చేశాను. అతను విసుక్కోకుండా అంతా విన్నాడు.

"నాలుగోదేనా? రోజూ భోజనాల టైముకేనా?"

"రోజూ."

"అది రెండు రకాలుగా ఆగుద్దండీ మహిమ గారూ. ఒకటి, చచ్చిపోవడం. కరెంటు పోయిందో, లోపల ఏదో తప్పు తగిలిందో, చేస్తున్న పని సగంలో వదిలేసి పడిపోద్ది. రెండోది, ఎవరో స్టాప్ నొక్కి ఆపమనడం. అప్పుడది చేతిలో ఉన్న పని పూర్తిచేసి, కొత్తది ముట్టుకోకుండా మర్యాదగా ఆగుద్ది."

"బయటికి రెండూ ఎర్ర చుక్కేగా?"

"చుక్క ఒకటే కానీ నడత వేరు. చచ్చిపోయిందనుకోండి, పైన ఇంకో ప్రోగ్రాము కాపలా ఉంటది, నిమిషంలో దాన్ని మళ్లీ లేపుద్ది. మీరు చూసేలోపే ఆకుపచ్చ అయిపోద్ది. అదే మనిషి ఆపమని ఆపితే కాపలాది లేపదు."

"ఎందుకు లేపదు?"

"మనిషి ఆపాడంటే ఏదో కారణం ఉంటదిగా. లోపల మరమ్మతు చేస్తున్నాడేమో. నేను పెత్తనం చేసి లేపితే మీరే తిడతారు. మనిషి ఆపిందాన్ని మనిషే లేపాలి. అదే నేను పెట్టిన పద్ధతి."

ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ మాటే ఆలోచించాను. అది నిజమో కాదో కళ్లారా చూడాలనిపించింది. ట్రాక్టర్లు తగ్గాక, ఆ రోజు ముందుగానే వచ్చి సరుకెత్తిన ఒక లారీకి పాసు వివరాలు కొట్టి, ప్రింటరు మొదటి గీత గీస్తుండగా స్టాప్ నొక్కాను. ఆగలేదు. తెర మీద 'ఆగుతోంది' అని పడింది. ప్రింటరు మాత్రం పాసు చివరి అక్షరం దాకా కొట్టింది. ఆ తర్వాతే చుక్క ఎర్రబడింది. అయిదు నిమిషాలు చూశాను. లేవలేదు. స్టార్ట్ నొక్కితేనే లేచింది.

ఇక దాన్ని చంపి చూడాలి. చైతన్యకృష్ణ ఫోన్లో చెప్పిన ప్రకారం విండోసులోకి పోయి, ఆ వర్కరును పేరు పట్టి ఒక్కసారిగా తీసిపారేశాను. ఎర్ర చుక్క వచ్చింది. తెర మీంచి చూపు తిప్పలేదు. కాసేపటికి ఎవరూ ముట్టుకోకుండానే మళ్లీ ఆకుపచ్చ. నాకు చిన్నప్పుడు చీమల పుట్టలో పుల్ల పెట్టి చూసిన సంబరం లాంటిది కలిగింది.

అంటే విషయం తేలింది. నాలుగోది దానంతట అది చావడం లేదు. రోజూ మధ్యాహ్నం ఒక మనిషి వచ్చి, నా కుర్చీలో కూర్చునో వంగో, స్టాప్ నొక్కుతున్నారు.

ఎవరు? ఆఫీసు గదిలో ఉండేది నేనూ బాషా గారూ. నేను అమ్మ దగ్గరికెళ్తే ఆయన తన బల్ల దగ్గరే క్యారేజీ విప్పుకుంటారు. కంప్యూటరు పోతే లాభం ఎవరికి? దుమ్ము దులిపిన పుస్తకాల కట్ట ఆయన బల్ల మీదే ఉంది. ఆలోచన అక్కడికి పోతుంటే నాకే బాగాలేదు. నేను చేరిన రోజు కుర్చీ మీద దిండు వేసిచ్చింది ఆ మనిషే.

గురువారం మధ్యాహ్నం షెడ్డులో అమ్మ నా మొహం చూసింది.

"ఏందే, అట్టున్నావ్?"

చెప్పాను. అమ్మకు వర్కర్ల సంగతి పూర్తిగా అర్థం కాకపోయినా ఆపుతున్నది మనిషని అర్థమైంది.

"బాషా సాయిబు అట్టాంటోడు కాదే."

"మరెవరు?"

"నాకేం తెలుసు. చూడకుండా ఒకళ్ల పేరెత్తబాక. ముందా ముద్ద ఇటియ్యి, చెయ్యి మండిపోతంది."

శుక్రవారం వచ్చింది. బాపయ్య గారిచ్చిన గడువుకు అదే ఆఖరి రోజు. భోజనానికి పోకుండా కాపలా కాద్దామనుకున్నాను. కానీ అమ్మ చేతులు గుర్తొచ్చి, తొందరగా కలిపిచ్చి వచ్చేద్దామని లేచాను. లేచేటప్పుడు బాషా గారి కుర్చీ ఖాళీగా ఉంది. శుక్రవారాలు ఆయన భోజనాల వేళకు ముందే సైకిలెక్కి నమాజుకు వెళ్తారు. తిరిగొచ్చేసరికి భోజనాల వేళ దాటిపోతుంది. సరే, ఇవాళ ఆగకపోతే ఆపుతున్నది ఎవరో తెలిసిపోయినట్టే అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గేసింది కూడా.

తిరిగొచ్చాను. ఎర్ర చుక్క. బాషా గారి కుర్చీ అలాగే ఖాళీగా ఉంది.

ముందు గుండె తేలికపడింది. ఆ వెంటనే ఇంకా అయోమయంగా అనిపించింది. ఏప్రిల్ ఎండకు రవికె వీపుకి అతుక్కుపోయి ఉంది. అలవాటుగా చెయ్యి వెనక్కి చాపి గోడ మీద ఫ్యాను స్విచ్చి వేశాను. అలవాటుగానే ముందుకు తిరిగి మౌసు మీద చెయ్యి పెట్టాను. అప్పుడు తట్టింది. ఈ రెండు పనులూ నేను రోజూ ఇదే వరసలో చేస్తున్నాను. రాగానే ఫ్యాను వేయడం, తర్వాత స్టార్ట్ నొక్కడం. నేను వెళ్లేటప్పుడు ఫ్యాను ఆపను, బాషా గారు అక్కడే తింటారు కాబట్టి. ఆయనా ఆపరు. మరి రోజూ ఫ్యాను ఆపుతున్నదెవరు?

తల పైకెత్తాను. ఎదురుగోడ మీద, అమ్మోనియా జాగ్రత్తల బోర్డు కంటే పెద్దక్షరాలతో, చేరిన రోజు నుంచీ చూస్తూ చదవడం మానేసిన బోర్డు ఉంది. "ఎవరూ వాడని లైటు వెలగరాదు, ఫ్యాను తిరగరాదు." దాన్ని రాయించింది బాపయ్య గారు. కోల్డ్ స్టోరేజీకి కరెంటే పెద్ద ఖర్చు. చాంబర్ల యంత్రాలను ఎట్టాగూ ఆపలేం కాబట్టి, ఆపగలిగింది ఏదున్నా ఆపడం ఆయనకు నిష్ఠ. స్విచ్చి కనపడితే ఆయన చెయ్యి ఊరుకోదు.

నా చెయ్యి స్టార్ట్ బటను మీదే ఉండిపోయింది. ఎవరో తెలిసింది. ఉద్యోగం ఉంచాలో తీసేయాలో చెప్పే మనిషితో, మీ వల్లేనండీ ఇదంతా అని ఎలా చెప్పాలి?

నేనలా కూర్చుని ఉండగానే బయట హారన్లు మొదలయ్యాయి. కోటేష్ కిటికీ దగ్గరికొచ్చాడు.

"మేడంగారూ, ఇవాళ కూడానా? మా ఇంటోళ్లకి చెప్పే వచ్చా, ఈ కిటికీ కిందే మంచం వేసుకుంటా."

స్టార్ట్ నొక్కబోతుంటే తలుపులో బాపయ్య గారు. వెనకే, అప్పుడే సైకిలు దిగి టోపీ జేబులో పెట్టుకుంటూ బాషా గారు.

"మళ్లీ ఆగిందా?"

"ఆగిందండి."

"తేలిందా ఎందుకో?"

"దానంతట అది ఆగలేదండి. ఎవరో స్టాప్ నొక్కితేనే ఆగింది."

బాపయ్య గారి కళ్లు నా మీంచి బాషా గారి బల్ల మీదున్న పుస్తకాల కట్ట మీదికి పోయాయి. కాసేపు అక్కడే నిలబడ్డాయి.

"ఓహో. అందుకా, నేను చెప్పిన మర్నాడే దులిపి పెట్టావ్. ఏం బాషా, ముప్పై ఏళ్ల నుంచి ఉన్నావ్, ఇదేనా చేసే పని?"

బాషా గారి మొహం పాలిపోయింది. "నేనా? అయ్యగారూ, నేనా?" అని మాత్రం అన్నారు.

నేను మాట్లాడకపోయినా ఆ పూట గడిచిపోతుంది. కంప్యూటరు ఉంటుంది. నేనుంటాను. ఆ ఆలోచన వచ్చినంత సేపు కూడా నిలవలేదు, ఎందుకంటే బాషా గారు నన్నే చూస్తున్నారు.

"బాషా గారు ఇవాళ భోజనాల వేళకి ఇక్కడ లేరండీ" అన్నాను. "నమాజుకెళ్లారు. ఆగింది ఆ వేళలోనే."

"మరెవరు? దయ్యమా?"

ఆయన వైపు తిరిగాను. "సార్, మీరు భోజనాల వేళ ఈ గదిలోకి వచ్చారా?"

"రోజూ వస్తా. నా స్టోరేజీ కాదా?"

"ఈ ఫ్యాను..."

"నేనే ఆపా. తిరుగుతానే ఉంటది. ఇవాళ ఒక్క మనిషి లేడు, తిరుగుతానే ఉంది. మిగతా రోజులు బాషా తిని కునుకు తీస్తుంటాడు, నిద్రపోయేవాడికి గాలెందుకు? బోర్డు రాయించింది గోడకి అందమని కాదు."

"ఇంకేమన్నా ఆపారా సార్?"

"ట్యూబులైటు ఆపా." ఆయన నడుం మీద చేతులు పెట్టుకున్నారు. "ఇదిగో, ఈ కంప్యూటర్లో మూడు పనిచేస్తన్నయ్, ఒకటి ఖాళీగా కూర్చుంటది, దాన్నీ ఆపా. ఆ అబ్బాయే చూపించాడుగా..."

మాట అక్కడే ఆగిపోయింది. ఆయన తెర మీది ఎర్ర చుక్కను చూశారు. నన్ను చూశారు. బాషా గారిని మాత్రం చూడలేదు.

"పనొస్తే అదే లేస్తదిగా?" అన్నారు, గొంతు బాగా తగ్గించి.

"లేవదండి. మనిషి ఆపితే మనిషే లేపాలి."

కిటికీలోంచి కోటేష్ ఒక్క అరుపు అరిచాడు. "ఓరి దేవుడో! బాపయ్యగారూ, ఇన్నాళ్లూ ఎండలో మాడింది మీ చలవేనా అండీ!"

"నువ్వు నోరు ముయ్యరా!" అన్నారు బాపయ్య గారు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ కోపం ఎటు తిరుగుతుందో అని నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. నా వైపే తిరిగింది.

"ఖాళీగా ఉన్నదాన్ని నడపడం దేనికి? అది కరెంటు తినదా?"

"ఫ్యానంత తినదండి. అసలు తినదనే చెప్పొచ్చు." ఏం చెబితే ఆయనకు అందుతుందా అని చూస్తుంటే కిటికీ అవతల షెడ్డులో ఉన్న జనరేటరు కనపడింది. "సార్, ఆ జనరేటరు పొద్దుట్నుంచీ ఊరికే ఉంది కదండీ. ఊరికే ఉందని దాని బ్యాటరీ తీగ పీకి పెడతామా?"

"ఎట్టా పీకుతాం? కరెంటు పోయిన మరుక్షణం అందుకోవాలిగా. ఆలస్యమైతే చాంబర్లు..." అంటూ ఆయనే ఆగారు. జనరేటరు వైపు చూశారు. మళ్లీ తెర వైపు చూశారు. కోపం ఎటు పోయిందో గానీ, ప్రోగ్రాము పెట్టిన రోజు చూసిన మొహం మళ్లీ కనపడింది.

"అంటే ఇదీ అట్టా కాచుకుని కూర్చుంటదా?"

"అవునండి. వరస వైపే చూస్తూ ఉంటుంది."

"ఏదీ, లేపు."

స్టార్ట్ నొక్కాను. ప్రింటరు అందుకుంది. పాసు సగం కొడుతుండగా బాపయ్య గారు నా మౌసు లాక్కుని, వేలు ఎత్తెత్తి స్టాప్ నొక్కారు. ప్రింటరు ఆగలేదు.

"మాట వినట్లేదే?"

"చేతిలో ఉన్నది పూర్తిచేసి ఆగుతుందండి."

పాసు బయటికొచ్చింది. అప్పుడు ఎర్రబడింది. ఆయన ఆ పాసు చించి అటూ ఇటూ తిప్పి చూశారు. పూర్తిగా ఉంది. "సగంలో వదల్లేదు" అన్నారు, ఎవరితోనో కాదు, తనలో తనే. మళ్లీ స్టార్ట్ నొక్కారు, రెండో పాసు మధ్యలో మళ్లీ స్టాప్ నొక్కారు. మళ్లీ అదే. మూడోసారికి కోటేష్ ఊచలు పట్టుకుని ఊపాడు.

"బాబ్బాబు, నా పాసు నాకిచ్చి ఆడుకోండి!"

బాపయ్య గారు వాడి పాసు కిటికీలోంచి అందించారు. తర్వాత బాషా గారి వైపు తిరిగారు. "బాషా, అందరికీ టీ చెప్పు" అన్నారు.

బాషా గారు కదల్లేదు. "టీ తర్వాత తాగుదామండీ. ముందు అన్న మాట వెనక్కి తీసుకోండి."

"తీసుకున్నాలే."

"తీసుకున్నాలే కాదండీ. ఈ పిల్ల ముందే అన్నారు."

బాపయ్య గారు నన్నొకసారి చూసి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. "తప్పు నాది బాషా. తీసుకున్నా. చాలా?"

"చాలు" అని బాషా గారు పుస్తకాల కట్ట చంకనెత్తుకున్నారు. "మరి ఇవి?"

"అటక మీద పెట్టు. కంప్యూటరు ఉంటది." తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "అమ్మాయ్, రేపు నా బల్ల దగ్గర కూడా ఇట్టాంటి తెర ఒకటి పెట్టొచ్చేమో అడుగు ఆ అబ్బాయిని. చూడ్డానికే. ముట్టుకోను."

ఆ సాయంత్రం అమ్మకు చెబితే, గుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ ఒకటే అడిగింది. "సాయిబు నీ మీద కోపంగా ఉన్నాడా?"

"లేదమ్మా."

"అయితే సరే" అంది.

సోమవారం మధ్యాహ్నం అమ్మకు అన్నం కలిపిచ్చి, నేనూ తిని, కొంచెం ఆలస్యంగానే తిరిగొచ్చాను. బాషా గారు కుర్చీలో వెనక్కి వాలి కునుకు తీస్తున్నారు. ఫ్యాను ఆగి ఉంది. ట్యూబులైటు ఆగి ఉంది. బల్ల దగ్గరికొచ్చేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. తెర నల్లగా ఉంది. చుక్కలు లేవు, పేర్లు లేవు, ఏమీ లేదు.

కిటికీ అవతల సరుకెక్కిన లారీ వచ్చి నిలబడింది. కోటేష్ దిగుతున్నాడు.

నేను మానిటరు బటను వెతుక్కుంటూ చెయ్యి పెట్టానో లేదో, పక్కన ప్రింటరు టకటకా మొదలెట్టింది. శనివారం చైతన్యకృష్ణ చేత పెట్టించిన కొత్త పద్ధతిలో, భోజనానికి లేచేముందే కోటేష్ బండి వివరాలు కొట్టి, సరుకెక్కింది అని తూకం దగ్గరి నుంచి కబురు రాగానే పాసు పోయేట్టు పెట్టాను. ఆ కబురు ఇప్పుడొచ్చినట్టుంది. నల్లటి తెర వెనక నాలుగోది దాని పని అది చేసుకుపోతోంది. బాపయ్య గారు మాట మీదే నిలబడ్డారు. వర్కర్ని ముట్టుకోలేదు. ఎవరూ చూడని తెర ఎందుకు వెలగాలని మానిటరు ఒక్కటి ఆపారు.

కోటేష్ ఊచల్లోంచి తల పెట్టాడు. చీకటి గది, ఆగిన ఫ్యాను, నల్లటి తెర, నిద్రపోతున్న గుమాస్తా, బల్ల ముందు నిలబడిపోయిన నేను.

"మళ్లీ పడుకుందా మేడంగారూ?" అన్నాడు నీరసంగా.

నేను పాసు చించి వాడి చేతిలో పెట్టాను.